రీఫ్ ట్యాంకులో క్యాల్షియం, ఆల్కలినిటీ నిలకడగా ఉంచడం: బెజవాడ, గుంటూరు ఎండలకు తట్టుకునే పద్ధతి

పగడాల ట్యాంకు పెట్టిన కొత్తలో అందరి చేయీ ముందు క్యాల్షియం సీసా మీదకే వెళ్తుంది. పగడం ఒళ్ళంతా క్యాల్షియం కార్బనేటే కదా, క్యాల్షియం పోస్తే పెరుగుతుందనుకోవడం సహజం. కానీ ట్యాంకులో ముందు అడుగంటేది క్యాల్షియం కాదు, ఆల్కలినిటీ, అంటే పగడం క్యాల్షియంతో కలిపి వాడుకునే కార్బనేటు, బైకార్బనేటు నిల్వ. ఈ సంగతి లెక్కతో సహా ఒంటబడితే మిగతా పని సగం తేలికవుతుంది.

సముద్రపు నీళ్ళలో లవణీయత 35 పీపీటీ (వెయ్యికి 35 భాగాలు) దగ్గర క్యాల్షియం 410 నుంచి 420 పీపీఎం (పది లక్షలకు ఇన్ని భాగాలు), ఆల్కలినిటీ 7 డీకేహెచ్‌కు (ఆల్కలినిటీని కొలిచే ప్రమాణం) అటూ ఇటూ, మెగ్నీషియం 1,300 పీపీఎంకు దగ్గరగా ఉంటాయి. పగడం అస్థిపంజరం కట్టుకోవడానికి 1 డీకేహెచ్ ఆల్కలినిటీ లాగేసుకుంటే, దాంతోపాటు తగ్గే క్యాల్షియం సుమారు 7 పీపీఎం మాత్రమే. 8 డీకేహెచ్, 420 పీపీఎం ఉన్న ట్యాంకులో ఏమీ పోయకుండా వదిలేశారనుకోండి. ఆల్కలినిటీ 5.2కి జారిపోయేసరికి, అంటే మూడో వంతుకు పైగా హరించుకుపోయేసరికి, క్యాల్షియం ఇంకా 400 దగ్గరే ఉంటుంది. ఆ 20 పీపీఎం తేడా చాలా కిట్లలో కంటికి ఆనదు. ప్రకాశం బ్యారేజీకీ నాగార్జున సాగర్‌కీ ఉన్న తేడా లాంటిదే ఇది. కాలువలకు నీళ్ళు వదిలితే బ్యారేజీ దగ్గర మట్టం ఆ పూటే తెలిసిపోతుంది, సాగర్‌లో గీత కదలడానికి రోజులు పడుతుంది.

అందుకే రోజూ చూడాల్సింది ఆల్కలినిటీ. క్యాల్షియం వారానికోసారి, మెగ్నీషియం నెలకోసారి చాలు. ఆల్కలినిటీ 7.5 నుంచి 8.5 మధ్య ఒక అంకె ఎంచుకుని దాన్నే పట్టుకోండి. క్యాల్షియం 400 నుంచి 450, మెగ్నీషియం 1,250 నుంచి 1,400 మధ్య ఉండాలి. 8 మంచిదా, 9 మంచిదా అని తలబద్దలు కొట్టుకోనక్కర్లేదు. ఇవాళ 8, ఎల్లుండి 9.5, మళ్ళీ 7 అయితేనే పగడాల కొసలు తెల్లబడి కండ ఊడుతుంది. ఒక రోజులో తేడా 0.5 డీకేహెచ్ దాటకుండా చూసుకోవడమే అసలు లక్ష్యం.

ఇంకో మాట ముందే చెప్పాలి. మన సముద్రాల్లోని గట్టి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. తీరం నుంచి తెచ్చిన పగడం గానీ, పగడపు రాయి గానీ ఎవరైనా చవగ్గా ఇస్తామన్నా ముట్టుకోవద్దు. దిగుమతి కాగితాలు సక్రమంగా ఉన్నవే తీసుకోండి. రాళ్ళకు కృత్రిమంగా చేసిన డ్రై రాక్ వాడండి.

నీళ్ళు, ఉప్పు

కృష్ణా కుళాయి నీళ్ళు గానీ, బోరు నీళ్ళు గానీ, 20 లీటర్ల మినరల్ వాటర్ క్యాన్ గానీ ట్యాంకుకు పనికిరావు. ఇంట్లో తాగే ఆర్వో మిషన్ నీళ్ళు కూడా నేరుగా వద్దు. చాలా మిషన్లలో రుచి కోసం టీడీఎస్ (కరిగిన లవణాలు) కలిపే వాల్వు, మినరల్ కార్ట్రిడ్జి ఉంటాయి. ఆర్వో తర్వాత, మిగిలిన లవణాలను కూడా పట్టేసే డీఐ (డీఅయనైజేషన్) రెజిన్ పెట్టుకుని టీడీఎస్ మీటరులో 0 వచ్చిన నీళ్ళే వాడాలి. మీటరు 2, 3 చూపించడం మొదలైతే రెజిన్ మార్చాల్సిన రోజు వచ్చినట్టే.

సూర్యలంక నుంచో మంగినపూడి నుంచో సముద్రపు నీళ్ళు డ్రమ్ముల్లో తెచ్చుకుందామనే ఆలోచన చాలామందికి వస్తుంది. నదుల నీరు కలవడం వల్ల వానాకాలంలో బంగాళాఖాతం పైనీటి లవణీయత బాగా పడిపోతుంది. ఒడ్డున బురద, పంట కాలువల మురుగు సరేసరి. రీఫ్ సాల్ట్ కలుపుకోవడమే మేలు. అయితే ప్రతి కంపెనీ ఉప్పుకీ ఒక ఆల్కలినిటీ ఉంటుంది. కొన్ని 8 దగ్గర, కొన్ని 12 దగ్గర వస్తాయి. 8 ఉన్న ట్యాంకులో 12 ఉన్న కొత్త నీళ్ళు 10 శాతం మారిస్తే 0.4 పెరుగుతుంది, ఫర్వాలేదు. 30 శాతం మారిస్తే 1.2 పెరుగుతుంది, అది దెబ్బే. కొత్త బ్యాగు తెరిచినప్పుడల్లా కలిపిన నీళ్ళను ఒకసారి టెస్ట్ చేయండి.

లవణీయత కుదరకపోతే మిగతా అంకెలన్నీ అబద్ధాలే. నీళ్ళు ఆవిరై 35 కాస్తా 37 అయితే ఆల్కలినిటీ, క్యాల్షియం, మెగ్నీషియం మూడూ దాదాపు 6 శాతం ఎక్కువ చూపిస్తాయి. లవణీయత కొలిచే రిఫ్రాక్టోమీటరును మంచినీళ్ళతో కాదు, 35 పీపీటీ కాలిబ్రేషన్ ద్రవంతో సరిచూసుకోండి.

టెస్ట్ చేసే తీరు

సాలిఫర్ట్ లాంటి టైట్రేషన్ కిట్ (రంగు మారేదాకా చుక్కలు వేసి కొలిచేది) అయినా, హానా చెకర్ (అంకె చూపే చిన్న మీటరు) అయినా సరే, ఒకటి పట్టుకుని దాంతోనే సాగండి. రెండు కిట్ల మధ్య 0.5 తేడా రావడం మామూలే. మనకు కావాల్సింది నిన్నటికీ ఇవాళ్టికీ తేడా. రోజూ ఒకే వేళకు, డోసింగ్‌కు (తగ్గినదాన్ని తిరిగి పోయడానికి) ముందు, ట్యాంకు నీలం లైటు పడని చోట తెల్ల కాగితం అడ్డుపెట్టుకుని చూడండి. నీలం లైటు కింద రంగు మారిందో లేదో ఎవరికీ తెలియదు.

సాలిఫర్ట్‌లో 4 మి.లీ. నీళ్ళు తీసుకుని ఇండికేటరు వేసి, రీయేజెంటును చుక్కచుక్కగా వదులుతూ సీసా తిప్పుతుంటే ఆకుపచ్చ కలిసిన నీలం నెమ్మదిగా పాలిపోతుంది. చుక్క పడ్డ చోట గులాబీ మెరిసి మాయమవుతుంటే ఇక దగ్గరకొచ్చినట్టు. అక్కణ్ణుంచి సగం చుక్కే వదలాలి. రంగు తిరిగి నీలం వైపు పోకుండా నారింజ గులాబీలో నిలబడిపోయిన చోట ఆపండి. కొలిచేది సిరంజిలో నల్ల పిస్టన్ అంచును బట్టి. ముక్కులో కనిపించే గాలి బుడగను పట్టించుకోవద్దు.

కిట్ మీద అనుమానం వస్తే ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. 0.01 గ్రాము తూచే చిన్న కాటా ఉంటే చాలు. 2.4 గ్రాముల వంట సోడాను 1 లీటరు డీఐ నీళ్ళలో కరిగించండి. అందులోంచి 100 మి.లీ. తీసి మళ్ళీ 1 లీటరు అయ్యేలా డీఐ నీళ్ళు కలపండి. ఇది కచ్చితంగా 8 డీకేహెచ్. కిట్ 7.2 చూపిస్తే 0.8 తక్కువ చూపిస్తోందని సీసా మీద రాసిపెట్టుకుని వాడుకోవచ్చు. 6 చూపిస్తే పారేయండి. వేసవిలో డాబా గదిలో కిట్ వదిలేస్తే రీయేజెంట్లు త్వరగా పాడవుతాయి, ఏసీ గదిలో అల్మారాలో పెట్టండి.

మన ప్రాంతంలో ఇంకో సౌకర్యం ఉంది. రేపల్లె, బాపట్ల, కైకలూరు వైపు రొయ్యల చెరువుల కోసం నడిచే ఆక్వా ల్యాబుల్లో ఆల్కలినిటీ, హార్డ్‌నెస్ రోజూ కొలుస్తారు. అక్కడ రిపోర్టు తీసుకుంటే అంకెలు చూసి కంగారు పడొద్దు. వాళ్ళు ఆల్కలినిటీని క్యాల్షియం కార్బనేటు లెక్కన పీపీఎంలో ఇస్తారు. దాన్ని 17.9తో భాగిస్తే డీకేహెచ్ వస్తుంది. 143 అని ఉంటే అది 8 డీకేహెచ్. క్యాల్షియం హార్డ్‌నెస్ 1,050 అని ఉంటే 2.5తో భాగించండి, 420 పీపీఎం క్యాల్షియం. ఆ భాగహారం మరచి క్యాల్షియం రెండింతలు దాటిపోయిందని డోసింగ్ మానేస్తే పగడాలకు కావాల్సింది అందదు.

ట్యాంకు రోజుకు ఎంత తింటోంది

ముందు అసలు నీళ్ళెన్నో తేల్చుకోండి. 3 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ట్యాంకు గాజు లెక్కన 191 లీటర్లు. రాళ్ళు, ఇసుక, పైన వదిలిన ఖాళీ తీసేసి సంప్ (ట్యాంకు కింద ఉండే రెండో తొట్టి) కలిపితే 160 దగ్గర తేలవచ్చు. ట్యాంకు మొదటిసారి నింపేటప్పుడే బకెట్లు లెక్కపెట్టుకుంటే అంతకన్నా మంచి కొలత లేదు.

మూడు రోజులు డోసింగ్, నీళ్ళ మార్పు రెండూ ఆపండి. మొదటి రోజు రాత్రి 8 గంటలకు 8.4, మూడు రోజుల తర్వాత అదే వేళకు 7.2 వచ్చిందనుకోండి. తేడా 1.2, రోజుకు 0.4 డీకేహెచ్. ఇదే మీ ట్యాంకు దినవెచ్చం. ఈ మూడు రోజుల్లో క్యాల్షియం తగ్గేది 9 పీపీఎం లోపే కాబట్టి దాన్ని కొలిచి డోసు లెక్క కట్టడం వృథా.

రెండు ద్రావణాలు

చిన్న, మధ్యరకం ట్యాంకులకు టూ పార్ట్ పద్ధతి, అంటే క్యాల్షియం, ఆల్కలినిటీ వేర్వేరు సీసాల్లోంచి పోయడం, అన్నిటికన్నా నమ్మకం. ఇంట్లో కలుపుకుంటే ఖర్చూ తక్కువే.

క్యాల్షియం సీసాకు: క్యాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ 147 గ్రాములు, డీఐ నీళ్ళతో మొత్తం 1 లీటరు.

ఆల్కలినిటీ సీసాకు: సోడా యాష్, అంటే నీరులేని సోడియం కార్బనేటు 106 గ్రాములు, డీఐ నీళ్ళతో మొత్తం 1 లీటరు.

ఈ తూకంలో ఒక సుఖముంది. రెండూ సమానంగా పోస్తే పగడం వాడుకునే పాళ్ళలోనే తిరిగి చేరతాయి. ఏదైనా 18 మి.లీ. పోస్తే 100 లీటర్ల నీళ్ళలో ఆల్కలినిటీ సీసా 1 డీకేహెచ్, క్యాల్షియం సీసా 7 పీపీఎం పెంచుతుంది. పైన చెప్పిన 160 లీటర్ల ట్యాంకుకు రోజుకు 0.4 కావాలంటే 0.4 × 1.6 × 18, సుమారు 11.5 మి.లీ. రెండు సీసాల్లోంచీ అంతే.

సోడా యాష్ మంచిది దొరక్కపోతే వంట సోడాను కాల్చి చేసుకోవచ్చు. స్టీలు పళ్ళెంలో పల్చగా పరచి ఓటీజీలో 200 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచాలి. గ్యాస్ పొయ్యి మీద స్టీలు బాణలిలో చేస్తే, వేడెక్కేకొద్దీ పొడి లోపలి నుంచి ఆవిరి తన్నుకొచ్చి చిన్న చిన్న గుంటలు పడుతూ నీళ్ళలా పారాడుతుంది. కలియబెడుతుంటే కాసేపటికి ఆ కదలిక ఆగి పొడి బరువుగా కూర్చుంటుంది. 168 గ్రాముల వంట సోడా 106 గ్రాములకు దిగితే పని పూర్తయినట్టు. 120 దగ్గరే ఆగితే ఇంకా కాల్చాలి. అల్యూమినియం గిన్నెలు వద్దు, సోడా వాటిని తినేస్తుంది. బేకింగ్ పౌడర్ వేరు, అందులో ఆమ్లం, పిండి ఉంటాయి. బట్టల సోడాలో నీటి శాతం, మలినాలు ఎక్కువ. అది కూడా వాడొద్దు.

క్యాల్షియం క్లోరైడ్ విషయంలో మూడు జాగ్రత్తలు. లేబుల్ మీద డైహైడ్రేటా, అన్‌హైడ్రస్సా చూడండి. అన్‌హైడ్రస్ అయితే 147 బదులు 111 గ్రాములే వేయాలి. కరిగేటప్పుడు బాగా వేడి పుడుతుంది కాబట్టి నీళ్ళలో పొడిని కొద్దికొద్దిగా వేయాలి, పొడి మీద నీళ్ళు పోయకూడదు. ఇక మన కోస్తా గాలిలో తేమ సంగతి తెలిసిందే. మూత వదులుగా పెట్టిన డబ్బాలో పొడి వానాకాలంలో రెండు రోజులకే చెమ్మగిల్లి జారుడవుతుంది. అలా నీరు పీల్చిన పొడిని తూచితే అందులో క్యాల్షియం తక్కువ, నీళ్ళు ఎక్కువ. చిన్న ప్యాకెట్లు కొని, గాలి చొరబడని డబ్బాలో పెట్టండి. చెరువులకు వాడే బస్తా సరుకు చవకే కానీ శుద్ధత గ్యారంటీ లేదు. ల్యాబ్ గ్రేడ్ గానీ, ఫుడ్ గ్రేడ్ గానీ తీసుకోండి.

అంకెలు బాగా పడిపోయి ఉంటే రోజువారీ డోసు మొదలెట్టకముందే సరిచేయాలి. 100 లీటర్లకు 1 డీకేహెచ్ పెంచాలంటే వంట సోడా 3 గ్రాములు, లేదా సోడా యాష్ 1.9 గ్రాములు. క్యాల్షియం 10 పీపీఎం పెంచాలంటే డైహైడ్రేట్ 3.7 గ్రాములు. మెగ్నీషియం 10 పీపీఎంకు మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ 8.4 గ్రాములు. మన 160 లీటర్ల ట్యాంకులో 6.5 నుంచి 8కి తేవాలంటే వంట సోడా 7.2 గ్రాములు, దాన్ని మూడు రోజులకు పంచండి. ఆల్కలినిటీని ఒక రోజులో 0.5 డీకేహెచ్‌కు మించి లేపొద్దు. మెగ్నీషియం 1,200 కన్నా తక్కువ ఉంటే ముందు దాన్నే ఎత్తండి. మెగ్నీషియం లేని నీళ్ళలో మీరు పోసింది పగడానికి అందకముందే సున్నపురాయిగా గడ్డకడుతుంది. ఆల్కలినిటీ ఎక్కువైపోతే మాత్రం వెనిగరు, నిమ్మ ఉప్పు లాంటివి పోయకండి. డోసు ఆపి ఊరుకుంటే పగడాలే దించుతాయి.

రెండు ద్రావణాలనూ ఒకదాని వెంట ఒకటి ఒకే చోట పోయకూడదు. కనీసం 15 నిమిషాలు ఎడం ఉండాలి, సంప్‌లో నీళ్ళు జోరుగా పారే చోట పడాలి. చేత్తో పోసేవాళ్ళు ఆల్కలినిటీని ఉదయం, క్యాల్షియంను సాయంత్రం పెట్టుకుంటే మరచిపోయే ప్రమాదం తక్కువ. డోసింగ్ పంపు ఉంటే రోజు డోసును 8 నుంచి 12 భాగాలు చేయండి. నెలకోసారి కొలజాడీలో పట్టి చూడండి. రబ్బరు గొట్టం అరిగేకొద్దీ 10 మి.లీ. అని చెప్పి 8 పోయడం ఈ పంపులకు మామూలే.

ఈ పద్ధతిలో ట్యాంకులో మామూలు ఉప్పు కొద్దికొద్దిగా పేరుకుంటుంది. వారానికోసారి లవణీయత చూసి, పెరిగితే కాస్త ఉప్పునీరు తీసి మంచి డీఐ నీళ్ళు పోస్తే సరి.

సున్నపు తేట

కాల్క్‌వాసర్ అని సీసాల్లో అమ్మేది మన సున్నపు తేటే, క్యాల్షియం హైడ్రాక్సైడ్. క్యాల్షియం, ఆల్కలినిటీ రెండూ సరైన పాళ్ళలో ఒకే ద్రవంలో ఇస్తుంది, పీహెచ్ కూడా పెంచుతుంది. ఏసీ వేసి తలుపులు బిగించిన గదిలో నలుగురు పడుకుంటే కార్బన్ డయాక్సైడ్ పెరిగి ట్యాంకు పీహెచ్ 7.8కి దిగుతుంది. అలాంటి ఇళ్ళలో ఇది చాలా ఉపకారం. పిడుగురాళ్ళ సున్నం పక్కనే ఉంది కదా అని వెల్ల వేసే సున్నం గానీ, తాంబూలం సున్నం గానీ వాడకండి. గోడకూ ఆకుకూ సరిపోయే ఆ సున్నంలో ఇసుక, ఇనుము, మెగ్నీషియం కలిసే ఉంటాయి. ఇక్కడా ల్యాబ్ గ్రేడే.

1 లీటరు నీళ్ళలో సున్నం 1.5 గ్రాములకు అటూ ఇటూ మాత్రమే కరుగుతుంది, మిగతాది అడుగున పేరుకుంటుంది. పైన మీగడలా కట్టే తెల్ల పొర గాలి తగిలి గడ్డకట్టిన సున్నపురాయి. మధ్యలో తేరుకున్న తేటనే తీసుకోవాలి. చేతులకు గ్లవ్స్, కళ్ళకు అద్దాలు తప్పనిసరి. కంట్లో పడితే చూపుకే ప్రమాదం.

ఆవిరైన నీళ్ళ బదులు మొత్తం సున్నపు తేటే పోయమని చాలాచోట్ల చెబుతారు. మన ఊళ్ళలో ఆ సలహా పాటిస్తే చిక్కే. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో ఫ్యాన్ పెట్టిన ట్యాంకు రోజుకు 3 లీటర్లు ఆవిరైతే, భాద్రపదంలో ముసురు పట్టినప్పుడు అందులో సగం కూడా కాదు. పగడం ఆకలికీ బయటి ఎండకూ సంబంధం లేదు. 160 లీటర్ల ట్యాంకులో 3 లీటర్ల చిక్కటి తేట పోస్తే ఒక్క రోజులో 2 డీకేహెచ్ దాటి పెరుగుతుంది. కావాల్సింది 0.4 మాత్రమే, అంటే 560 మి.లీ. తేట. ఆ 560ని డోసింగ్ పంపుతో రాత్రిపూట మెల్లగా పోయించి, మిగతా ఆవిరికి మామూలు డీఐ నీళ్ళు ఆటో టాప్ ఆఫ్‌తో (మట్టం తగ్గితే తనంతట తానే నీళ్ళు నింపే ఏర్పాటు) పోయించండి. ఇలా విడదీస్తే ఎండాకాలం, వానాకాలం ఒకే డోసు నడుస్తుంది. ఫ్లోట్ వాల్వు ఇరుక్కున్నా పడేది మంచినీళ్ళే.

ఎక్కడ తప్పుతుంది

హీటరు మీద, పంపు లోపల తెల్లటి గరుకు పూత, ఇసుక అట్టకట్టడం, డోసు పెంచినా ఆల్కలినిటీ నిలవకపోవడం, ఈ మూడూ కలిసి కనిపిస్తే పగడం తినడం లేదు, నీళ్ళలోనే గడ్డకడుతోంది. డోసు ఇంకా పెంచితే ఇంకా గడ్డకడుతుంది. మెగ్నీషియం చూడండి, పంపులను వెనిగర్‌లో నానబెట్టి కడగండి, డోసు పడే చోటు మార్చండి.

కొత్త ట్యాంకులో పగడాలు పెద్దగా లేకుండానే ఆల్కలినిటీ దిగుతూ క్యాల్షియం కదలకుండా ఉంటే కారణం నైట్రేటు పేరుకోవడం. నైట్రేటు 50 పీపీఎం పెరిగేలోపు ఆల్కలినిటీ సుమారు 2.3 డీకేహెచ్ పోతుంది. అక్కడ రెండు సీసాలూ సమానంగా పోస్తే క్యాల్షియం ఊరికే ఎక్కుతుంది. వంట సోడాతో ఆల్కలినిటీ మాత్రం సరిచేసి, చేపలకు మేత తగ్గించండి.

రోజూ తగ్గే ఆల్కలినిటీ హఠాత్తుగా తగ్గడం మానేసి పైకెక్కుతుంటే సంతోషించొద్దు. పగడాలు ఎదగడం ఆపేశాయి. మన దగ్గర దీనికి మొదటి అనుమానితురాలు వేడి. బయట 43, 44 డిగ్రీలున్నప్పుడు ట్యాంకు నీళ్ళను చల్లబరిచే చిల్లరు ఒక మధ్యాహ్నం ఆగితే ట్యాంకు 30 దాటుతుంది. పగడం పని ఆపేసినా డోసింగ్ పంపు తన పని తాను చేసుకుపోతుంది. అందుకే ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఒక్క రోజు కూడా వదలకుండా ఆల్కలినిటీ చూడండి. ట్యాంకు వేడెక్కిన రోజు డోసు సగం చేయండి. కరెంటు పోయినప్పుడు పైనీళ్ళు సంప్‌లోకి దిగి మట్టం పెరుగుతుంది. డోసింగ్ గొట్టం చివర అందులో మునిగితే సీసాలోని ద్రావణం తనంతట తానే సైఫన్ అయి దిగిపోవచ్చు. కరెంటు లేనప్పుడు సంప్ ఎంతవరకు నిండుతుందో చూసి, గొట్టాల కొసలు దానికి రెండు అంగుళాల పైన ఉండేలా బిగించండి. సీసాలను సంప్ మట్టం కన్నా కింద పెట్టండి.

సంక్రాంతికో పెళ్ళికో నాలుగైదు రోజులు ఊరెళ్ళేటప్పుడు సీసాలు నిండుగా వదిలి వెళ్ళొద్దు. రోజుకు 11.5 మి.లీ. చొప్పున ఐదు రోజులకు 58 కావాలి, 70 మి.లీ. మాత్రమే ఉంచండి. పంపు ఇరుక్కుని 70 మొత్తం ఒక్కసారే పోసేసినా 160 లీటర్ల ట్యాంకులో 2.5 డీకేహెచ్ పెరుగుతుంది, పగడాలు కోలుకునే అవకాశం ఉంటుంది. లీటరు సీసా మొత్తం దిగితే 35 డీకేహెచ్ పోసినట్టే, తిరిగొచ్చేసరికి ట్యాంకు మజ్జిగలా తెల్లగా ఉంటుంది. ఇంట్లో మిగిలినవాళ్ళకు డోసింగ్ గురించి ఏమీ చెప్పనక్కర్లేదు, సంప్ మట్టం గీత దగ్గర ఉందా, థర్మామీటరు 27 లోపు ఉందా అన్న రెండే చూడమనండి. గీత కిందకి దిగితే పోయమని డీఐ నీళ్ళ క్యాన్ పక్కనే పెట్టి, దాని మీద పెద్ద అక్షరాలతో రాసి వెళ్ళండి.